పొద్దున డివిజన్, సాయంత్రం డైమండ్: కాలేజీ బేస్‌బాల్ కోచ్ కార్పొరేటర్ కూడా అయితే

గుంటూరు కార్పొరేషన్‌లో 57 డివిజన్లు, విజయవాడలో 64. ఏ డివిజన్‌లోనైనా కార్పొరేటర్‌కి పని మొదలయ్యేది తెల్లవారుతూనే, పారిశుద్ధ్య కార్మికుల మస్టర్ (హాజరు) వేళకి. కాలేజీ జట్టు ప్రాక్టీసు మొదలయ్యేది క్లాసులు వదిలి, ఎండ చల్లబడ్డాక. కాబట్టి ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయవచ్చు, వేళలు పెద్దగా అడ్డం రావు. అడ్డం వచ్చేది పలుకుబడి. పిల్లల మీద కోచ్‌కున్న పట్టు ఎన్నికల్లోకి పాకినా, ఆఫీసులో కార్పొరేటర్‌కున్న పట్టు గ్రౌండ్‌లోకి పాకినా రెండూ పాడవుతాయి. కింద గ్రౌండ్ పని ఎక్కువ, కౌన్సిల్ పని తక్కువ ఉంటుంది. మురుగుకాలవల సంగతి చెప్పేవాళ్లు మన ఊళ్లలో వీధికి నలుగురున్నారు. పిచింగ్ మౌండ్ (పిచర్, అంటే బంతి వేసేవాడు, నిలబడే మట్టి దిబ్బ) కట్టడం చెప్పేవాళ్లు దొరకరు.

ముందు మీరు అర్హులో కాదో తేల్చుకోండి

ప్రభుత్వ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ (పీడీ)గా ఉన్నవారు పోటీ చేయకూడదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి రాజకీయాల్లో పాల్గొనడాన్నే నిషేధిస్తుంది. ప్రైవేటు కాలేజీలో పనిచేసేవారు, గౌరవ వేతనం మీద కోచింగ్ ఇచ్చేవారు యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తీసుకోవాలి. నోటిమాట చాలదు, తేదీతో, ముద్రతో ఉండాలి. నామినేషన్‌కి 21 ఏళ్లు నిండి ఉండాలి, పేరు ఓటరు జాబితాలో ఉండాలి, ప్రతిపాదించేవారు ఆ డివిజన్ ఓటరే అయి ఉండాలి. ఇంటిపన్ను, నీటిపన్ను బకాయిలు పైసాతో సహా కట్టి రసీదులు ఫైల్లో పెట్టుకోండి. పరిశీలన రోజున ప్రత్యర్థులు ముందు వెతికేది వాటినే. ఇద్దరు పిల్లల నిబంధన 2024లో రద్దయింది కాబట్టి ఆ భయం ఇప్పుడు లేదు.

కార్పొరేషన్ కాంట్రాక్టుల్లో కార్పొరేటర్‌కి వాటా ఉంటే పదవికే ఎసరు. మీ ఇంట్లోవాళ్లు క్రీడా సామగ్రి కొట్టు నడుపుతుంటే కార్పొరేషన్ బడులకి సరుకు వేసే టెండర్ జోలికి పోవద్దని వారికి ముందే చెప్పండి.

ఇంకో మాట. రిజర్వేషన్లు మారుతుంటాయి, సగం స్థానాలు మహిళలవి. ఈసారి మీకు అనుకూలంగా ఉన్న డివిజన్ వచ్చేసారి ఉండకపోవచ్చు. పదవి కోసం కోచింగ్ మానుకోకండి. అమెరికాలో 1964లో పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటి జట్టులో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట) వేసిన పిచర్ జిమ్ బన్నింగ్ కూడా రాజకీయాన్ని 1977లో ఫోర్ట్ థామస్ అనే చిన్న పట్నం కౌన్సిల్ దగ్గర్నుంచే మొదలుపెట్టి సెనేట్ దాకా వెళ్లారు.

డైమండ్ గీయడం

డైమండ్ అంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్, పరుగులో తాకాల్సిన మూడు బేసులు మూలలుగా ఉండే చదరం. కావలసినవి: 50 మీటర్ల టేపు, పురికొస ఉండ, అడుగు పొడవు ఇనుప మేకులు ఆరు, సుత్తి, ముగ్గుపిండి రెండు బస్తాలు. గీతలకి పొడి సున్నం వాడకండి. బేస్ మీదికి జారినప్పుడు అది కళ్లలో పడితే కాలుతుంది. ముగ్గుపిండి అలా చేయదు.

హోమ్ ప్లేట్ ఎక్కడ పెట్టాలో సూర్యుణ్ణి చూసి నిర్ణయించాలి. హోమ్ నుంచి రెండో బేస్ వైపు గీసిన గీత తూర్పు–ఈశాన్యం దిక్కుగా పోవాలన్నది నిబంధనల పుస్తకం సలహా. అప్పుడు సాయంత్రపు ఎండ బ్యాటర్ వీపు మీద పడుతుంది, పిచర్ చేతిలోంచి వచ్చే బంతి అతనికి స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ కళ్లలో పడేది మొదటి బేస్ వెనక దూరంగా నిలబడే రైట్ ఫీల్డర్‌కి. అతనికి టోపీ తప్పనిసరి, చేతిని నుదుటి దగ్గర అడ్డంపెట్టి బంతి పట్టడం విడిగా నేర్పాలి.

హోమ్ ప్లేట్ వెనక కొన దగ్గర మొదటి మేకు కొట్టండి. అక్కణ్ణుంచి 127 అడుగుల 3⅜ అంగుళాల దూరంలో, అంటే దాదాపు 38.8 మీటర్లకి, రెండో మేకు. అది రెండో బేస్ మధ్యబిందువు. ఇప్పుడు రెండు మేకులకీ చెరో 90 అడుగుల పురికొస కట్టి, రెండు కొసలూ బిగువుగా కలిసేచోట కుడివైపు మొదటి బేస్, ఎడమవైపు మూడో బేస్. చివరగా మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కి కొలవండి. అది కూడా 127 అడుగుల 3⅜ అంగుళాలే రావాలి. రెండు అంగుళాలకి మించి తేడా వస్తే పురికొస సాగిందని అర్థం, మళ్లీ చేయండి. ఒకటి, మూడు బేసుల సంచులు గీతకి లోపలివైపు ఉండాలి. రెండో బేస్ సంచి మాత్రం మేకు మధ్యలోకి వస్తుంది.

పిచర్ నిలబడే రబ్బరు పలక ముందంచు హోమ్ ప్లేట్ వెనక కొనకి 60 అడుగుల 6 అంగుళాల దూరం. దీన్ని డైమండ్ నట్టనడుమ పెట్టడం అందరూ చేసే తప్పు. నడుమ అంటే 63 అడుగుల 8 అంగుళాలకి కాస్త తక్కువ, అసలు స్థానం దానికంటే మూడడుగులు హోమ్ వైపు ఉంటుంది. ఆ మూడడుగుల తేడాతో ఏడాదంతా ప్రాక్టీసు చేసిన పిచర్ టోర్నమెంట్‌లో కొత్త గ్రౌండ్ ఎక్కితే బంతి బ్యాటర్ మెడ దగ్గర తేలుతుంది.

నల్లరేగడిలో మౌండ్

గుంటూరు చుట్టుపక్కల నేల చాలావరకు నల్లరేగడి. ఏప్రిల్‌లో అరచెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది, జులైలో ఉబ్బి బూట్లకి అంటుకుంటుంది. దాని మీద నేరుగా మట్టి పోసి కట్టిన మౌండ్ ఒక్క వానాకాలం కూడా ఆగదు, పై మట్టితోపాటు పలక కూడా ఒరుగుతుంది. కాబట్టి ముందు తవ్వి తీసేయాలి.

హోమ్ ప్లేట్ కొనకి 59 అడుగుల దగ్గర మేకు కొట్టి, తొమ్మిదడుగుల తాడుతో గుండ్రం గీయండి. ఆ 18 అడుగుల గుండ్రంలో తొమ్మిది అంగుళాల లోతు నల్లమట్టి తీసేయండి. దాన్ని నింపి, పైన పది అంగుళాల ఎత్తు కట్టడానికి దిమ్మిస కొట్టాక అణిగేదీ కలుపుకుంటే 350 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ట్రాక్టర్‌వాళ్ల లెక్కలో మూడున్నర యూనిట్లు. అడుగున గ్రావెల్ కలిసిన ఎర్రమట్టి చాలు. పై మూడంగుళాలు మాత్రం రాళ్లు లేకుండా జల్లించిన జిగురు ఎర్రమట్టి కావాలి.

ఒకేసారి పోసేసి పైన రోలర్ తిప్పితే లోపల గుల్లగా ఉండిపోతుంది. మూడంగుళాల పొర వేయాలి, ముద్ద కట్టేంత తడిపాలి, దిమ్మిస కొట్టాలి, తర్వాతే మరో పొర. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోయేంత తడి సరైనది. నీళ్లు కారితే ఒకపూట ఆగండి.

ఎత్తు చూడటానికి తాపీమేస్త్రి దగ్గర దొరికే నీళ్ల లెవల్ పైపు కంటే మంచి సాధనం లేదు. హోమ్ ప్లేట్ మట్టానికి పలక పైభాగం పది అంగుళాలు ఎత్తు ఉండాలి. పలక చుట్టూ అడ్డంగా ఐదడుగులు, ముందు వెనకలుగా 34 అంగుళాలు సమతలంగా ఉంచాలి. పలక ముందంచుకి ఆరు అంగుళాల అవతల నుంచి వాలు మొదలవుతుంది, అడుగుకి ఒక అంగుళం చొప్పున ఆరడుగులు. ఈ వాలు కోసం ఏడడుగుల చెక్కకి ఒక చివర మేకులతో గుర్తులు పెట్టుకుని మట్టి మీద లాగుతూ సరిచేయండి. కంటితో అంచనా వేస్తే వాలు నిటారుగా వస్తుంది, అప్పుడు పిచర్ ముందుకాలి మోకాలి మీద భారం పడుతుంది.

పలక 24 అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు. మందపాటి కన్వేయర్ బెల్టు ముక్కని ఆటోనగర్‌లో కోయించి, టేకు చెక్కకి బోల్టులు వేసి భూమిలో దించితే ఏళ్ల తరబడి ఉంటుంది.

పిచర్ ముందుకాలు పడేచోట వారంలోనే గొయ్యి పడుతుంది. దాన్ని వదులు మట్టితో నింపితే మర్నాడే మళ్లీ గొయ్యి. ఇటుకబట్టీలో కాల్చని పచ్చి ఇటుకలు ఓ పాతిక తెచ్చి, ఆ చోట ఆరు అంగుళాలు తవ్వి పక్కపక్కన పేర్చి, తడిపి, దిమ్మిస కొట్టి, పైన అంగుళం ఎర్రమట్టి వేయండి. ప్రాక్టీసు అయ్యాక రోజూ అక్కడ చెంబెడు నీళ్లు చల్లి కాలితో అణచండి. రాత్రి మౌండ్ మీద 20 అడుగుల చదరపు టార్పాలిన్ పట్టా కప్పాలి, మిర్చి కల్లాల్లో వాడేదే సరిపోతుంది. నాలుగు మూలలా ఇసుక బస్తాలు పెట్టకపోతే ఈదురుగాలికి ఎగిరిపోతుంది.

బ్యాటింగ్ ప్రాక్టీసులో బంతులు వేసేవాళ్ల ముందు ఒక తెర తప్పక ఉండాలి. ఏడడుగుల చదరపు పైపు చట్రం, అందులో పై మూలన మూడున్నర అడుగుల ముక్క ఖాళీగా వదిలి, మిగతాదానికి నైలాన్ వల బిగించాలి. ఏ వెల్డింగ్ షాపులోనైనా ఒక పూటలో చేస్తారు. బ్యాట్ నుంచి నేరుగా వచ్చే బంతి మొహం తప్పించుకునేంత సమయం ఇవ్వదు.

క్రికెట్ కుర్రాళ్లతో జట్టు కట్టడం

మన కాలేజీల్లో బేస్‌బాల్‌కి వచ్చేది క్రికెట్, సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లే. పిచర్ కోసం ఫాస్ట్ బౌలర్లని చూడకండి. మోచెయ్యి చాపి వేయడం వాళ్ల ఒంట్లో పాతుకుపోయి ఉంటుంది. బౌండరీ నుంచి నేరుగా కీపర్ చేతికి విసరగలిగే ఫీల్డర్‌ని తీసుకోండి. క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడిగా) వికెట్ కీపర్ బాగా కుదురుతాడు, కాకపోతే మాస్కు, ఛాతీ ప్యాడ్, కాళ్ల గార్డులు, గజ్జల గార్డు లేకుండా ఒక్క బంతి కూడా పట్టనివ్వకండి. కుర్రాళ్లు సిగ్గుపడి గజ్జల గార్డు మానేస్తారు. అడిగి, వేసుకున్నాకే కూర్చోబెట్టండి.

బ్యాటింగ్‌లో మాన్పించాల్సిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. బ్యాట్ నేలకి ఆనించి నిలబడటం, వెనక్కి గ్లాన్స్ చేయడం (అది ఫౌల్, అంటే హోమ్ నుంచి ఒకటి, మూడు బేసుల మీదుగా పోయే గీతల బయటి బంతి), బంతి కొట్టాక పరుగు తీయాలా వద్దా అని ఆలోచించడం, బ్యాట్ పట్టుకునే పరుగెత్తడం. ఇందులో మొండిది పరుగు. బంతి ఫెయిర్ అయితే, అంటే ఆ గీతల లోపల పడితే, పరుగెత్తి తీరాలి. మొదటి బేస్‌ని దాటి పోవచ్చు, రెండు, మూడు బేసుల్ని దాటి పోతే ట్యాగ్ చేసి (బంతితో తాకి) అవుట్ చేస్తారు. ఈ తేడాని నోటితో చెప్తే తలకెక్కదు. ప్రతి బ్యాటింగ్ వంతు చివరి బంతికి బేస్ దాకా పరుగెత్తిస్తే పది రోజుల్లో వచ్చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ పరుగులు పోయేది రిలే త్రో (దూరపు బంతిని మధ్యలో ఒకరు అందుకుని మళ్లీ విసరడం) దగ్గర. బంతి లెఫ్ట్, సెంటర్ ఫీల్డర్ల మధ్య నుంచి అంచు దాకా పోయిందనుకోండి. క్రికెట్ అలవాటున్న ఫీల్డర్ దాన్ని తీసి 250 అడుగులు గాల్లో ఎత్తి విసురుతాడు. చూడ్డానికి బాగుంటుంది, ఈలోగా రన్నర్ ఇంకో బేస్ దాటేస్తాడు. సరైన పద్ధతి ఇది: షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) బంతి వెంట సగం దూరం దాకా పరుగెత్తి, రెండు చేతులూ పైకెత్తి, ‘ఇటు, ఇటు’ అని అరవాలి. మూడో బేస్ కుర్రాడు వెనకనుంచి ‘ఎడమకి, ఇంకాస్త, ఆగు’ అని అతణ్ణి ఫీల్డర్‌కీ బేస్‌కీ మధ్య నేరు గీత మీదికి తేవాలి. ఫీల్డర్ గ్లోవ్ వైపు భుజానికి విసరాలి. షార్ట్‌స్టాప్ బంతి చేతికి రాకముందే ఒంటిని పక్కకి తిప్పడం మొదలుపెట్టి, గ్లోవ్ ఉన్న వైపుగానే తిరిగి విసరాలి. అటు తిరిగితే ఒక్క అడుగు చాలు, రెండోవైపు తిరిగితే మూడడుగులు పడతాయి. రెండు త్రోలూ మోకాలి ఎత్తుకి రావాలి. వికెట్ల పైకి విసిరినట్టు విసిరితే ట్యాగ్ చేయడానికి చెయ్యి కిందికి దించేలోగా రన్నర్ చేరిపోతాడు. రోజూ పావుగంట ఇదొక్కటే చేయించండి.

బేస్ దొంగతనాన్ని (పిచర్ బంతి వేస్తుండగానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తడాన్ని) గడియారంతో నేర్పండి. పిచర్ కాలు లేపిన క్షణం నుంచి క్యాచర్ గ్లోవ్‌లో బంతి పడేదాకా 1.4 సెకన్లు, క్యాచర్ నుంచి రెండో బేస్‌కి 2.2 సెకన్లు. మొత్తం 3.6. మీ రన్నర్ లీడ్ తీసుకుని (ముందే బేస్ వదిలి కొన్ని అడుగులు జరిగి నిలబడి) 3.5లో చేరితే పంపండి, 3.7 అయితే ఆపండి. టోర్నమెంట్‌లో ఎదుటి జట్టు వామప్ చేస్తుండగానే స్టాప్‌వాచ్ పెట్టి వాళ్ల లెక్క రాసుకోవాలి.

పిచర్ చెయ్యి గురించి ఒక్క మినహాయింపు కూడా ఇవ్వకండి. అమెరికాలో మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి చేసిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 19 నుంచి 22 ఏళ్లవారు రోజుకి 120 బంతులు దాటకూడదు. 31 నుంచి 45 వేస్తే ఒకరోజు విశ్రాంతి, 60 దాకా రెండు రోజులు, 80 దాకా మూడు, 105 దాకా నాలుగు, ఆపైన ఐదు. మన అంతర్ కళాశాల పోటీలు సాధారణంగా రెండు మూడు రోజుల్లో ముగుస్తాయి. అంటే మొదటిరోజు 70 బంతులు వేసినవాడు ఫైనల్‌కి లేనట్టే. కనీసం నలుగురు పిచర్లు లేకుండా జట్టు తీసుకెళ్లకండి. లెక్కకి ఒక విద్యార్థిని ప్రత్యేకంగా కూర్చోబెట్టి, ప్రతి బంతికీ గీత పెట్టించండి.

నీళ్లు: ఇరవై మందికి రెండు గంటలకి 20 లీటర్ల టిన్లు రెండు. మే నెలలో ప్రాక్టీసు పెట్టకపోవడమే మంచిది. తప్పనిసరైతే ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ దగ్గర ఉంచండి. చెమట ఆగిపోయి మాట తడబడుతుంటే నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి. ఉరుము వినబడితే గ్రౌండ్ ఖాళీ, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

డివిజన్ పని

పొద్దున 5.45కి మస్టర్ దగ్గర ఉండి, 8 దాకా వీధులు తిరగండి. చేతిలో ఒక రూళ్ల పుస్తకం ఉండాలి: తేదీ, ఇంటి నంబరు, ఫిర్యాదు, ఎవరికి చెప్పారు, ఎప్పుడు అయింది. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో చిరునామా 4/14 అని రాస్తే నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు. లైను ముందు, అడ్డరోడ్డు తర్వాత. తిరగరాస్తే ఫాగింగ్ బండి ఇంకో వీధికి పోతుంది. నీళ్లు, రోడ్ల ఫిర్యాదు వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి, చెత్త శానిటేషన్ సెక్రటరీకి. పెద్ద పనికి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అంచనా వేయాలి, మంజూరు కావాలి, టెండర్ పిలవాలి. ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) కొలతలు రాసే రోజున మీరు టేపుతో అక్కడ ఉండండి. డైమండ్ కొలిచే చేతికి కాలవ కొలవడం కష్టం కాదు.

సాయంత్రం 4.30 నుంచి 6.30 దాకా ఫోన్ సంచిలో ఉండాలి. డివిజన్‌లో ఈ సంగతి అందరికీ తెలిసేలా చేసి, ఆ రెండు గంటలకి ఫోన్ ఎత్తే ఒక మనిషిని పెట్టండి. కౌన్సిల్ సమావేశం ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుకి ప్రాక్టీసు ప్రణాళికని నిమిషాలతో సహా కాగితం మీద రాసి ముందురోజే కెప్టెన్‌కి ఇవ్వండి. డిసెంబరులో 5.40కే పొద్దుగూకుతుంది, ఆ నెల బ్యాటింగ్‌ని ఆదివారం పొద్దుటికి మార్చుకోవాలి.

కార్పొరేషన్ గ్రౌండ్ కావాలంటే ప్రిన్సిపాల్ లేఖతో దరఖాస్తు పెట్టించి, రుసుము కట్టి, రసీదు తీసుకోండి. కార్పొరేటర్ కాబట్టి ఒక్క ఫోన్‌తో ఇస్తారు, కానీ అలా తీసుకుంటే మర్నాడు క్రికెట్ అకాడమీవాళ్లు మీ ఇంటికొస్తారు, మీ దగ్గర జవాబు ఉండదు. ఆ గ్రౌండ్ విషయం అజెండాలోకి వస్తే సంబంధం ఉందని చెప్పి బయటికి వచ్చేయండి. మీ డివిజన్‌లో పనులు చేసే కాంట్రాక్టర్ జెర్సీలు కొనిస్తానంటే దండం పెట్టి వద్దనండి. జెర్సీలు పార్టీ రంగుల్లో ఉండకూడదు, ఫ్లెక్సీల్లో పిల్లల ఫొటోలు ఉండకూడదు. నాగార్జున యూనివర్సిటీ జట్టు సెలక్షన్‌కి మీ కుర్రాళ్లు వెళ్తే వాళ్ల అంకెలు పంపండి, మీరు ఫోన్ చేయకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు వరద వస్తే జట్టు కుర్రాళ్లే ముందు గుర్తొస్తారు. వాళ్లని నీళ్లలోకి దింపకండి. కనబడని మ్యాన్‌హోల్, తెగిపడిన కరెంటు తీగ ఏ ఈతగాణ్ణీ వదలవు. ఒడ్డున భోజనం పొట్లాల లెక్క, మందుల జాబితా వంటి పనులకి, అదీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ద్వారా, ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లనే పెట్టండి.

ఎన్నికల నెల

నోటిఫికేషన్ రాగానే జట్టుని పీడీకి రాతపూర్వకంగా అప్పగించండి: సామగ్రి గది తాళాలు, కిట్ రిజిస్టర్, పిచర్ల బంతుల లెక్క, నెల ప్రణాళిక. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లు కిట్లు, బూట్లు పంచకూడదు, అది ప్రలోభం కిందికి వస్తుంది. 18 నిండిన ఆటగాడు ఓటరు కూడా, అందుకే ఓటు సంగతి గ్రౌండ్‌లో ఎత్తకూడదు. ప్రచారానికి వస్తామని వాళ్లే అడిగినా పంపేయండి. రేపు తుదిజట్టు రాసేది మీరే, రానివాడికి అన్యాయం జరిగిందన్న మాట పుట్టకుండా ఉండదు.

పోలింగ్, లెక్కింపు కేంద్రాలుగా కాలేజీలనే తీసుకుంటారు. బ్యాలెట్ పెట్టెల బస్సులు, పోలీసు వ్యాన్లు నిలిపేది గ్రౌండ్‌లోనే. రెండు రోజుల ముందే పీడీ చేత మౌండ్ చుట్టూ పన్నెండు అడుగుల దూరంలో కొయ్యగూటాలు పాతించి, ఎర్ర రిబ్బన్ కట్టించి, పట్టా కప్పించండి. బేసుల సంచులు, హోమ్ ప్లేట్ పీకి గదిలో పెట్టించండి. లెక్కింపు అయి బస్సులు వెళ్లాక, ఫలితం ఏదైనా సరే, టేపు తీసుకుని మేకుల నుంచి మేకులకి మళ్లీ కొలవాలి: 127 అడుగుల 3⅜ అంగుళాలు రెండు వైపులా, పలకకి 60 అడుగుల 6 అంగుళాలు. చక్రాల కింద నల్లరేగడి కదిలితే మేకులు అంగుళమో రెండో జరిగి ఉంటాయి.